రెండు ఆఫర్లు, మూడు పాస్‌పోర్టులు

రాయగడ నుంచి ఒక పాఠకురాలు రాశారు. వయసు 28. పుట్టిల్లు జయపురం, మెట్టినిల్లు రాయగడ. బడి చదువంతా ఒడియాలో సాగింది. తెలుగు చదవడం, రాయడం ఇంట్లో అమ్మ నేర్పారు. కోరాపుట్‌లోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో జీవవైవిధ్యంలో ఎమ్మెస్సీ చేసి, ఇప్పుడు ఒక కళాశాలలో అతిథి అధ్యాపకురాలిగా పనిచేస్తున్నారు. ఆ జీతంలోంచి నెలకు 8,000 రూపాయలు అత్తవారింటి అప్పు వాయిదాకు వెళ్తాయి. భర్తది పాలిటెక్నిక్ డిప్లొమా, కాగితపు మిల్లులో ఎలక్ట్రికల్ విభాగంలో పర్మనెంట్ ఉద్యోగం. పాపకు మూడేళ్లు నిండబోతున్నాయి.

కోరాపుట్ మెట్ట పొలాల దేశవాళీ వరి నీటి ఎద్దడిని ఎలా తట్టుకుంటుందన్నది ఆమెకు ఇష్టమైన విషయం. పాప పడుకున్నాక కూర్చుని దరఖాస్తులు రాసుకున్నారు. ఇప్పుడు రెండు చోట్ల నుంచి పీహెచ్‌డీకి పిలుపు వచ్చింది. ఒకటి అమెరికాలో, ఐదేళ్లు. ఫీజు మాఫీ, ఏడాదికి 32,000 డాలర్ల స్టైపెండ్, బదులుగా టీచింగ్ అసిస్టెంట్ పని. జవాబుకు గడువు ఏప్రిల్ 15. రెండోది జర్మనీలో, బార్లీ వేళ్ల మీద ఒక ప్రాజెక్టు. మూడేళ్ల ఒప్పందం, 65 శాతం ఉద్యోగం. రెండు వారాల్లో జవాబు చెప్పమన్నారు.

ఇంట్లో అత్తగారు “పాపను మా దగ్గర వదిలి వెళ్లు, లేకపోతే ఆ మాటే ఎత్తకు” అన్నారు. మామగారు బాండు మీద సంతకం పెట్టేది లేదన్నారు. పార్వతీపురంలో ఉండే ఆడపడుచు భర్త మాత్రం జర్మనీలో నెలకు మూడు లక్షలు వస్తాయని, ఇంటి అప్పు ఏడాదిలో తీరిపోతుందని, పైగా ఆంధ్ర ప్రభుత్వ పథకం కింద ఇంకొంత రాబట్టవచ్చని హుషారు చేస్తున్నారు. భర్త “నీ ఇష్టం” అని ఊరుకున్నారు. ఆమె ముఖ్యంగా అడిగినవి మూడు: ఏ దేశం మంచిది? పాపను వదిలి వెళ్తే నేను చెడ్డ తల్లినా? అసలు వెళ్లాలా?

ముందుగా అభినందనలు. మీ ఇంట్లో ఈ మాట ఎవరూ నోరారా అన్నట్టు లేదు. ఏ కన్సల్టెన్సీ సాయమూ లేకుండా, రాయగడలో కూర్చుని, పాపను నిద్రపుచ్చాక దొరికిన గంటల్లో రెండు ఖండాల నుంచి ఖర్చులిచ్చే సీట్లు తెచ్చుకున్నారు. మీ చదువు పనికొచ్చేదా కాదా అన్న సందేహం ఎవరికైనా ఉంటే అది తీరిపోయింది.

ఏ దేశం అన్నది చదువుకు సంబంధించిన ప్రశ్నగా, మిగతా రెండూ ఇంటికి సంబంధించినవిగా మీరు విడదీశారు. నాకు అవి ఒకే ప్రశ్నలా కనిపిస్తున్నాయి. మీరు ఏ ఆఫర్ తీసుకుంటే మీ భర్త అక్కడ పని చేయగలరు, ఏది తీసుకుంటే చేతులు కట్టుకుని కూర్చోవాలి, పాప ఎక్కడ ఉంటుంది, ఇవన్నీ ఆయా దేశాల వీసా నిబంధనలే తేల్చేస్తాయి. అందుకే ముందు దేశం ఎంచుకుని తర్వాత ఇంట్లో ఒప్పించుకుందాం అన్న మీ వరుస తలకిందులుగా ఉంది.

మామగారి భయం తీర్చడం తేలిక, దాంతో మొదలుపెడదాం. విదేశీ చదువులకు కొన్ని ప్రభుత్వ ఉపకార వేతనాలు బాండు, జామీను అడుగుతాయి. షెడ్యూల్డ్ కులాల వారికి, భూమిలేని వ్యవసాయ కూలీల కుటుంబాలకు కేంద్రం ఇచ్చే జాతీయ విదేశీ ఉపకార వేతనం ఆ కోవలోది. మీరు నకలు పంపిన రెండు ఉత్తరాల్లో అలాంటి షరతు ఒక్కటీ లేదు. జర్మనీది ఉద్యోగ ఒప్పందం. అమెరికాలో చదువు ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండి తీరాలన్న నిబంధన జె-1 అనే మార్పిడి కార్యక్రమాల వీసాకు, అందులోనూ ఫుల్‌బ్రైట్ లాంటి ప్రభుత్వ నిధులతో వెళ్లేవారికి వర్తిస్తుంది. విశ్వవిద్యాలయ స్టైపెండ్ మీద పీహెచ్‌డీకి వెళ్లేవారు సాధారణంగా ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్తారు. ఆ ఉత్తరాలను వాక్యం వాక్యం తెలుగులో చెబుతూ మామగారి ముందు చదవండి. తన సంతకానికి అందులో చోటే లేదని ఆయనకు తెలియాలి. తెలిస్తే ఆయన ఎదురుతిరగడానికి వేరే కారణం ఏదైనా ఉందేమో అదీ బయటపడుతుంది.

ఆంధ్ర పథకం మాట మరిచిపోండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల విదేశీ విద్యా పథకాలు ఆయా రాష్ట్రాల నివాసులకే. మీ నివాస ధ్రువపత్రం ఒడిశాది. పార్వతీపురం చిరునామాతో పత్రం పుట్టిద్దామని ఎవరైనా అంటే ఆ మనిషి సలహా ఇంకే విషయంలోనూ తీసుకోకండి.

ఇక మూడు లక్షలు. జర్మన్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల జీతాల పట్టికలో పీహెచ్‌డీ పరిశోధకులది ఈ13 శ్రేణి. అందులో 65 శాతం అంటే నెలకు సుమారు 3,000 యూరోలు. ఇది చేతికి వచ్చే మొత్తం కాదు. పన్ను, ఆరోగ్య బీమా, పింఛను చందా పోగా 2,000 యూరోలకు కాస్త పైన మిగులుతుంది. ముగ్గురు ఉండే చిన్న ఫ్లాటుకు అద్దె, వేడి నీళ్లు, కరెంటు కలిపి 800 నుంచి 1,000 యూరోల దాకా లాగేస్తుంది, పెద్ద నగరమైతే ఇంకా ఎక్కువ. మీ బంధువు సంపాదనను రూపాయల్లో లెక్కపెట్టారు, ఖర్చు యూరోల్లో అవుతుందన్న సంగతి వదిలేశారు. ఈ లెక్క ఇంట్లో అందరికీ చూపించి, ఇప్పుడు ఇస్తున్న 8,000 రూపాయలు మాత్రం ప్రతినెలా పంపుతాను, అంతకు మించి మాట ఇవ్వను అని వెళ్లకముందే చెప్పండి. అక్కడి నుంచి ఫోనులో చెబితే ఆ మాట వేరేలా వినిపిస్తుంది. పేరుకు 65 శాతం ఉద్యోగమే అయినా ప్రయోగశాలలో గడిపేది పూర్తి రోజులని కూడా గుర్తుంచుకోండి. మిగతా 35 శాతం మీ సొంత థీసిస్ పని కింద జమ కట్టడం అక్కడి మామూలు.

ఈ ఆదాయంతో కుటుంబానికి వెసులుబాటు ఎక్కడ ఉందో చూద్దాం. జర్మనీలో మీ ప్రభుత్వ ఆరోగ్య బీమాలోనే సంపాదన లేని భర్త, పాప అదనపు చందా లేకుండా చేరతారు. అర్హత ఉంటే పిల్లల భత్యం కూడా వస్తుంది, 2025లో అది నెలకు 255 యూరోలు. ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ శిశు సంరక్షణ కేంద్రంలో చోటు పొందే హక్కును 2013 ఆగస్టు నుంచి చట్టమే ఇచ్చింది. హక్కు ఉన్నంత మాత్రాన చోటు దొరకదు, నెలల తరబడి వరుసలో ఉంచే ఊళ్లు ఉన్నాయి. సీటు ఖాయం చేసుకున్న రోజే పాప పేరు నమోదుకు దారి కనుక్కోండి. కుటుంబ వీసా మీద వెళ్లిన మీ భర్త అక్కడ పని చేయవచ్చు. చేయవచ్చు అంటే దొరుకుతుందని కాదు. ఆయన డిప్లొమాకు అక్కడ గుర్తింపు తెచ్చుకోవాలి, ఎలక్ట్రికల్ పనికి జర్మన్ భాష బాగానే రావాలి. వీసాకు ఆయన జర్మన్ ప్రాథమిక పరీక్ష రాయాలా అన్నది మీ నివాస అనుమతి ఏ తరగతిదో దాన్ని బట్టి ఉంటుంది. మిమ్మల్ని తీసుకుంటున్న ప్రొఫెసర్ కార్యాలయాన్ని ఈ ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగండి.

అమెరికాలో లెక్క వేరు. 32,000 డాలర్లు ఒక మనిషికి సరిపోతాయి, ముగ్గురికి గుంజుకోవాల్సి వస్తుంది. మీ భర్త వెళ్లేది ఎఫ్-2 అనే కుటుంబ సభ్యుల వీసా మీద, దాని మీద ఉద్యోగం చేయకూడదు. పాపను చూసుకోవడానికి ఆయన ఇంట్లో ఉంటారు కాబట్టి ఐదేళ్లు వచ్చి ప్రభుత్వ బడిలో చేరేదాకా డే కేర్ ఖర్చు తప్పుతుంది. నెలకు వెయ్యి డాలర్లు దాటే ఖర్చు అది. దాన్ని తప్పించుకోవడానికి ఇచ్చే ధర ఆయన పర్మనెంట్ ఉద్యోగం. ఆరోగ్య బీమా సాధారణంగా మీ ఒక్కరికే వస్తుంది, వాళ్లిద్దరికీ విడిగా కొనాలి. వాళ్లకు వీసా పత్రాలు ఇచ్చే ముందే విశ్వవిద్యాలయం ఒక్కొక్కరికీ అదనంగా ఇంత నిధి చూపించమంటుంది, ఆ మొత్తం ఎంతో ఇప్పుడే అడగండి. స్టైపెండ్ తొమ్మిది నెలలకా పన్నెండు నెలలకా అన్నదీ మీ ఉత్తరంలో స్పష్టంగా లేదు. వేసవి మూడు నెలలు జీతం లేకపోతే ఈ లెక్కలన్నీ మారిపోతాయి. 2025 మొదట్లో కేంద్ర నిధులు తగ్గుతాయన్న భయంతో అక్కడి కొన్ని విశ్వవిద్యాలయాలు ఇచ్చిన పీహెచ్‌డీ ఆఫర్లనే వెనక్కి తీసుకున్నాయి. కాబట్టి ఐదేళ్ల హామీలో ఏయే ఏళ్లకు డబ్బు విభాగం నుంచి, ఏయే ఏళ్లకు ప్రొఫెసర్ గ్రాంటు నుంచి వస్తుందో అడగడంలో మొహమాటం వద్దు.

చదువు వైపు నుంచి చూస్తే అమెరికాదే పైచేయి అని నా అభిప్రాయం. ఐదేళ్ల వ్యవధి ఉంది, విషయాన్ని మీరు మలచుకోవచ్చు. మీ వరిని వదలనక్కరలేదు. జర్మనీ ప్రాజెక్టులో గ్రాంటు బార్లీకి వచ్చింది, మీరు చేసేది బార్లీయే. వేళ్ల నిర్మాణం, నీటి ఎద్దడి గురించి నేర్చుకునే పద్ధతులు రేపు వరికీ పనికొస్తాయి, అది మంచి శిక్షణే. కానీ మూడేళ్లలో పీహెచ్‌డీ పూర్తవని వాళ్లు అక్కడ చాలామంది. నాలుగో ఏడు జీతం ఎక్కడి నుంచి అని అడిగి, వచ్చిన జవాబులో ఎంత స్పష్టత ఉందో చూడండి. ఆ ప్రయోగశాలలో ఇప్పుడు పనిచేస్తున్న విద్యార్థి ఒకరికి విడిగా మెయిల్ రాస్తే ప్రొఫెసర్ చెప్పనివి తెలుస్తాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఎక్కడికి వెళ్లినా మన ఊరి విత్తనాలు కొన్ని వెంట తీసుకెళ్తానని సంబరంగా రాశారు. సూట్‌కేసులో గుప్పెడు కూడా పెట్టకండి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం మన జీవ వనరులను పరిశోధన కోసం దేశం దాటించాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ ప్రాధాన్యం ఉన్న వారసత్వ వ్యవస్థగా గుర్తించింది. ఆ విత్తనాలను తరతరాలుగా కాపాడిన రైతులు ఉన్నారు. జీవవైవిధ్యంలో ఎమ్మెస్సీ చేసిన మీకు ఇంకా చెప్పనక్కరలేదు.

మీరు ప్రస్తావించని మూడో దారి ఒకటి ఉంది. వరి మీదే పనిచేయాలంటే 1946 నుంచి ఉన్న జాతీయ వరి పరిశోధన సంస్థ మీ రాష్ట్రంలోనే, కటక్‌లో ఉంది. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. మహిళలకు వయోపరిమితిలో ఐదేళ్ల సడలింపు ఉంది. ఇక్కడ పీహెచ్‌డీలో నమోదైన వారికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ మీద ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికాలో పనిచేసే వీలుంది. పైన చెప్పిన రెండేళ్ల నిబంధన దానికి వర్తిస్తుంది. పాప మీతో ఉంటుంది, భర్త ఉద్యోగం ఉంటుంది, రాయగడకు రైలు ఉంది. దీని బలహీనత ఏమిటంటే అది ఇంకా మీ చేతిలో లేదు. రెండు పిట్టలను వదిలి పొదలోని మూడోదాని కోసం కూర్చోవడం అవుతుంది. ఇంట్లో గొడవ పడలేక ఈ దారి పట్టకండి. ఇదే కావాలనిపిస్తే పట్టండి.

ఇప్పుడు మీ భర్త. మీ ఉత్తరంలో అత్తగారి మాటలకు రెండు పేజీలు పట్టాయి, ఆయనకు దక్కినవి నాలుగు వాక్యాలు. ఆయన “నీ ఇష్టం” అన్నందుకు నొచ్చుకున్నారు. కానీ ఆయన చెప్పగలిగిన జవాబు ఇంకేముంది? ఎఫ్-2 సంగతి ఆయనకు తెలియదు, జర్మన్ నేర్చుకోవాలని తెలియదు, జీతం లెక్క బావమరిది నోట విన్నదే తెలుసు. ముప్పై దాటిన మనిషి, పర్మనెంట్ ఉద్యోగం, రేపు భార్య స్టైపెండ్ మీద బతకాలా అన్న ప్రశ్న లోపల తిరుగుతూ ఉంటుంది. దాన్ని పైకి అంటే చిన్నబుచ్చుకున్నట్టు ఉంటుందని ఊరుకుని ఉండవచ్చు. పై లెక్కలన్నీ ఆయన ముందు పరచి, ఆయన పేరున మూడు ప్రశ్నలు అడగండి. మిల్లు జీతం లేని సెలవు ఎంతకాలం ఇస్తుంది? ఐదేళ్లు ఉద్యోగం లేకుండా ఉండగలరా, అది కాదంటే రెండేళ్లు భాష నేర్చుకుంటూ కింద నుంచి మొదలుపెట్టగలరా? ఇవేవీ వద్దు, నేను ఇక్కడే ఉంటాను అంటే పాప ఎవరి దగ్గర? ఈ మాటలు అత్తమామల ఎదుట కాకుండా మీరిద్దరే ఉన్నప్పుడు జరగాలి. జయపురం వెళ్లే దారిలో అయినా సరే.

పాప విషయానికి వస్తే, మీ అత్తగారు పాపను ఉంచుకుంటాననడం దౌర్జన్యం అనిపించలేదు నాకు. ఆమె షరతు పెట్టిన తీరు బాగాలేదు, ఇస్తానన్నది మాత్రం నిజమైన సాయం. దాన్ని షరతులా కాకుండా ఒక ఏర్పాటులా తీసుకుంటే ఎలా ఉంటుందో చూడండి. మీరు సెప్టెంబరులోనో అక్టోబరులోనో ఒంటరిగా వెళ్లి, ఇల్లు చూసుకుని, వచ్చే ఏడాది వేసవికి పాపను, భర్తను తీసుకెళ్లడం. జర్మనీ అయితే కుటుంబ వీసాకు ఇంటి వైశాల్యం చూపించాలా అన్నదీ మీ నివాస అనుమతి తరగతిని బట్టే ఉంటుంది, ముందు మీరు వెళ్తే ఇల్లు వెతుక్కోవడానికి వీలు. దీనివల్ల ఆర్నెల్లో ఎనిమిది నెలలో పాపకు దూరం. వీసా ఆలస్యమైతే ఏడాది కావచ్చు. నాలుగేళ్ల పిల్ల కొత్తలో మిమ్మల్ని చూసి నానమ్మ కొంగు పట్టుకుంటుంది. అది బాధే, వారాల్లో సర్దుకుంటుంది. తేదీ లేకుండా వదిలి వెళ్లడం మాత్రం వద్దనే అంటాను. తేదీ లేనిచోట ఏడాది రెండవుతుంది, రెండు మూడవుతాయి, అప్పుడు పాపను తెచ్చుకోవడం అంటే అత్తగారి చేతుల్లోంచి లాక్కోవడం అవుతుంది. అది ఆమెకూ అన్యాయమే.

చెడ్డ తల్లి అన్న మాటకు నేను సర్టిఫికెట్ ఇవ్వలేను, ఇవ్వనక్కరలేదు కూడా. బరంపురం వైపు గంజాం ఊళ్లలో తండ్రులు సూరత్ మరమగ్గాలకు వెళ్లి ఏడాదికోసారి ఇంటికొస్తారు. వాళ్లను చెడ్డ తండ్రులని ఎవరూ అనగా వినలేదు. కష్టపడుతున్నాడు పాపం అంటారు. మీ అత్తగారి అసలు భయం వేరేదేమో అని నా అనుమానం. వెళ్లిన వాళ్లు తిరిగి రారేమో, కొడుకు, మనవరాలు ఇద్దరూ చేజారిపోతారేమో అని. దానికి మీ దగ్గర నిజాయితీ గల జవాబు లేకపోవచ్చు, ఐదేళ్ల తర్వాత ఏం చేస్తారో మీకే తెలియదు. తప్పక వచ్చేస్తామని ఒట్టు వేయకండి. ప్రతి ఏడాదీ ఫలానా నెలలో వస్తాం అన్నంత వరకు చెప్పండి, టికెట్టు డబ్బు ముందే పక్కన పెట్టండి.

వాయిదా వేసే వీలుందా అని కూడా అడిగారు. అమెరికా విశ్వవిద్యాలయాలు కొన్ని ఏడాది వాయిదాకు ఒప్పుకుంటాయి, స్టైపెండ్ కూడా వచ్చే ఏడాదికి అలాగే ఉంటుందని రాసిస్తేనే దానికి విలువ. ప్రాజెక్టు ఉద్యోగం ఏడాది ఆగదు, రెండు మూడు నెలలు జరుపుతారేమో. గడువుల సంగతీ అంతే. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి తీర్మానం మీద సంతకం చేశాయి. స్టైపెండ్‌తో ఇచ్చిన సీటుకు ఏప్రిల్ 15 కన్నా ముందే జవాబు చెప్పమని అవి ఒత్తిడి చేయకూడదు. జర్మనీకి ఆ నియమం లేదు. ఇంట్లో పాప ఉంది, కుటుంబ వీసా వివరాలు తెలుసుకుంటున్నాను, ఇంకో పది రోజులు ఇవ్వగలరా అని ప్రొఫెసర్‌కు రాయండి. అది మామూలు అభ్యర్థనే. ఒకచోట ఒప్పుకుని సంతకం పెట్టి, రెండోదాన్ని తలుపు సందులో ఉంచకండి.

మొదటి జీతం వచ్చేదాకా అయ్యే ఖర్చు ఎవరూ ఇవ్వరు. అమెరికాకు విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ సెవిస్ రుసుము 350 డాలర్లు, వీసా దరఖాస్తు రుసుము 185 డాలర్లు. జర్మనీ వీసాకు 75 యూరోలే, కానీ ఇంటి అద్దెకు మూడు నెలల దాకా అడ్వాన్సు అడగవచ్చు. విమానం టికెట్టు, ఉన్ని బట్టలు, మొదటి నెల ఖర్చు కలిపితే ఒక్కరికే మూడు లక్షల రూపాయల పైన చేతిలో ఉండాలని నా అంచనా. మీ బంగారం తాకట్టు పెడతారో, జయపురంలో నాన్నగారిని అడుగుతారో మీరు చూసుకోండి. 1892 నుంచి విదేశీ చదువులకు రుణాలు ఇస్తున్న జె.ఎన్. టాటా ఎండోమెంట్‌కూ దరఖాస్తు చేసుకోవచ్చు. హుషారు చేస్తున్న పార్వతీపురం బంధువు దగ్గర మాత్రం వద్దు. ఆ అప్పుతో పాటు సలహాలు కూడా వస్తాయి.

చివరగా కాగితాలు. మన సరిహద్దు తెలుగువాళ్ల పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటాయి. ఇంటిపేరు ముందు ఉండేది మెట్రిక్ సర్టిఫికెట్‌లో చివరికి వెళ్తుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా మారుతుంది, ఒడియా ఉచ్చారణలో స్పెల్లింగు ఇంకోలా అవుతుంది. మీ ముగ్గురి కాగితాలూ ఒకచోట పెట్టి సరిచూడండి. పెళ్లి నమోదు చేయించారో లేదో రాయలేదు. లేకపోతే భర్తకు కుటుంబ వీసా రావడం కష్టం. ఒడిశా వాళ్లకు అమెరికా వీసా వ్యవహారం హైదరాబాద్ కాన్సులేట్ పరిధిలోకి, జర్మనీది కోల్‌కతా పరిధిలోకి వస్తుంది. విశాఖ దగ్గర కదా అని ఆంధ్ర వాళ్లతో పాటు చెన్నై వైపు తిరిగి రోజులు పోగొట్టుకోకండి. పాపకు ఇంకా పాస్‌పోర్టు లేదన్నారు. దానికి ఈ వారంలోనే దరఖాస్తు పెట్టండి, తల్లిదండ్రులిద్దరి సంతకాలూ కావాలి కాబట్టి మీ భర్తతో మాట్లాడటానికి అదొక సందర్భం కూడా.